కత్తిరి ఎండల్లో ఐదు కోట్లు

కత్తిరి మొదలైన మూడోనాడు
రాయపురంలో మా ఇంటికి
ఐదుగురికీ ఐదు చలికోట్లు వచ్చాయి.
తెచ్చిన కుర్రాడు మెడ తుడుచుకుంటూ
అట్టపెట్టె మీది బొమ్మని ఓసారి
నన్ను ఓసారి చూశాడు.
"నార్వే పోతున్నాం, ఓడలో" అన్నాను,
అతను అడక్కపోయినా.
ఆ మాట అప్పటికే పాలవాడికి, ఇస్త్రీ సెల్వికి
నోరు తెరిచి పడుకునే పంటి డాక్టరు కుర్చీలో కూడా
ఎలాగో చెప్పేశాను.

నలభై నెలల చీటీ అది.
ఫ్రిజ్ చెడినా, యామిని కాలేజీ ఫీజొచ్చినా
పాడుకోకుండా పళ్ళు బిగబట్టి
చివరి నెల దాకా ఆగాం.

మునిరత్నం ఇరవై ఆరేళ్ళుగా
హార్బరులో టాలీ గుమాస్తా.
ఓడెక్కే ప్రతిదాన్నీ లెక్కపెట్టాడు,
గ్రానైటు దిమ్మెలు, తోళ్ళ కట్టలు, కొత్త కార్లు.
ఒక్కసారీ తను ఎక్కలేదు.
టికెట్ల కాగితం చేతికొచ్చిన రాత్రి
ఆరో డెక్కు, గది నంబరు, పక్కన తన పేరు,
చూసి చూసి
చెవి వెనక పెన్సిలు తీసి
తనకు తనే ఒక టిక్కు పెట్టుకున్నాడు.

"అక్కడ ఎంత చలి?" అంది అత్తయ్య.
"ఆరు డిగ్రీలు."
"ఆరంటే?"
ఎవరం చెప్పలేకపోయాం.
మార్గళిలో ఇరవై మూడుకే
మంకీ క్యాపులు దిగే ఊరు మాది.
ఆరు మాకు బస్సు నంబరుగా తెలుసు,
ఒకప్పటి కాఫీ ధరగా తెలుసు.

అందుకే శనివారం తెల్లారకముందే
కాసిమేడు ఐసు ఫ్యాక్టరీకి పోయాం, చలి చూసి రావడానికి.
గజపతి మునిరత్నానికి తెలిసినవాడు,
మా కోట్లు చూసి గునపం కింద పెట్టి మరీ నవ్వాడు.
ఒంటి మీద లుంగీ, భుజాన గోనెపట్టా,
"పద్దెనిమిదేళ్ళుగా ఇదే నా ఊటీ అక్కా,
ఇంటికెళ్తేనే నాకు జబ్బు" అన్నాడు.

లోపల గోడలు కూడా చెమర్చి ఉన్నాయి.
వంజరాల కోసం, సొరల కోసం
మనిషంత పొడుగు దిమ్మెలు వరసగా పడుకున్నాయి.
చిన్నాడు ప్రణీత్ నోట్లోంచి ఆవిరొచ్చింది.
"అమ్మా, పొగ! నేను పొగ!"
మళ్ళీ మళ్ళీ ఊదాడు, తల తిరిగేదాకా.
యామిని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ
గ్లౌజులు పనికిరావంది.

అత్తయ్య మాత్రం గ్లౌజు తీసేసి
ఒక దిమ్మె మీద అరచెయ్యి ఆనించింది.
తీయలేదు.
"మీ మామయ్యని పడుకోబెట్టిన ఐసు
ఇక్కణ్ణుంచే తెచ్చారు కదరా, రత్నం?"
మునిరత్నం తలూపాడు.
యంత్రం ఒక్కటే కొట్టుకుంటోంది.
"మీ అక్క దుబాయి నుంచి వచ్చేదాకా, రెండు రాత్రులు.
ఎంత చల్లగా ఉందోనని అప్పుడు ముట్టుకోలేదు నేను.
ముట్టుకోనివ్వలేదు."
చెయ్యి తీసి, కొంగుకి తుడుచుకుని
కాసేపు వేళ్ళకేసి చూసుకుంది.
"ఓ... ఇంతేనా" అంది.
ఆ పైన,
"సరే, ఆరుకి ఇంకో బనీను కొనండి నాకు."

బయటికొస్తే ఎండ చెంపన కొట్టింది.
నా కళ్ళద్దాలు మసకేసి
వేలంపాటలు, బుట్టలు, కాకులు, పడవలు
అన్నీ ఒకే తెల్లని ఊరయ్యాయి.
నార్వే ఇలానే ఉంటుందేమో
అనుకున్నానో లేదో, తుడవకుండానే ఆరిపోయింది.

ఇంటికొచ్చాక తెలిసింది,
కోట్ల నిండా చేపల వాసన.
తిట్టుకుంటూ ఉతికి
మిద్దె మీద తీగకి వరసగా తగిలించాను.
సముద్రపు గాలి దూరి
చేతులు, పొట్టలు ఉబ్బాయి, ఐదింటికీ.
ఎదురింటి తులసింగం గారు
చెయ్యి నుదుట అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసి
గట్టిగా అడిగారు,
"ఎవరమ్మా, ఊరి నుంచి చుట్టాలా?
ఎండలో నిలబెట్టేశారేం?"